తెలీదన్న ఊరు

బస్సు దిగిన ముసలావిడ నేరుగా పోస్టాఫీసు వైపే నడిచింది.

కిటికీలోంచి చూసిన పోస్టమ్మ చటుక్కున పక్కకు తప్పుకుంది. ఆ ఊరి పోస్ట్‌మాస్టర్‌ని అందరూ పిలిచే పేరది.

“వచ్చేసింది!” అంది పక్కన టీ తాగుతున్న దర్జీతో.

“ఎవరొదినా?”

“ఇంకెవరు? పక్కూరికీ ఇలాగే ఎవరో వచ్చి నాలుగు ముక్కలు అడిగెళ్లారు. వారం తిరక్కుండా పోస్టాఫీసు మూసేశారు. ఆ ఊరి పేరే ఇప్పుడు ఏ చిరునామాలోనూ లేదు.”

దర్జీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. రేపు పిల్లలు ఏ ఊరివాళ్లమని చెప్పుకుంటారు?

“పో, అందరికీ చెప్పు. ఏమడిగినా తెలీదనే అనాలి.”

దర్జీ పెరటి దారిన పరుగెత్తాడు.

ముసలావిడ లోపలికొచ్చి, గోడమీది ఊరి పేరును చేత్తో తడిమింది.

“ఈ ఊరికి ఈ పేరెలా వచ్చిందో తెలుసా అమ్మా?”

“తెలీదు.”

“పోనీ, ఈ పోస్టాఫీసు ఎప్పుడు పెట్టారో?”

“తెలీదన్నాగా! నాకు పనుంది, వెళ్లండి.”

కిరాణా కొట్టాయన తెలీదన్నాడు. మంగలి తెలీదని తలుపేసుకున్నాడు. కంగారులో ఒకావిడైతే, మంచినీళ్లడిగినా తెలీదనేసింది!

ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ రైల్వేస్టేషనుకెళ్లే తిరుగు బస్సెక్కింది.

“హమ్మయ్య, పీడ వదిలింది,” అన్నాడు దర్జీ.

సాయంత్రం జీపు ఆగింది. దిగిన అధికారి చేతిలో తాళంకప్ప చూసి పోస్టమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది.

“భయపడకండమ్మా, దీంతో పనిలేదు. ఊరి పేరు వెనక కథ తెలిసినవాళ్లు ఒక్కరు సాక్ష్యం చెప్పినా పోస్టాఫీసు ఉంచుతారు. ఇవాళే గడువు. అలాంటి ఒకావిణ్ని వెతికి పట్టుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏరీ?”

“ఎ... ఎవరండీ?”

“పెద్దావిడ. ఊరు చూసుకుంటానంటే పొద్దున్నే బస్సెక్కించాను.”

చుట్టూ చేరినవాళ్లలోంచి దర్జీ గొణిగాడు. “మేమే పంపేశామండీ. ఈపాటికి రైలెక్కేసుంటారు.”

అధికారి బల్లమీద కూలబడ్డాడు.

“ఎంత పని చేశారయ్యా! పోస్టాఫీసు పెట్టిన రోజుకి ఈ చోటికి పేరే లేదు. పై వీధివాళ్లో పేరు, కింది వీధివాళ్లో పేరు అన్నారు. కర్రలు లేచాయి. ఎవరి మాటా వద్దని, ఆ రోజే పుట్టిన ఆడపిల్లకు అక్కడికక్కడ పేరు పెట్టి, అదే ఊరికీ పెట్టారు.”

“అయితే ఆవిడ...” పోస్టమ్మ గోడమీది ఊరి పేరు వైపు చూసింది.

“ఆ పిల్లేనమ్మా.”