గిరిజమ్మ చెట్లు

“ముట్టకు నీలక్కా! ఆ చెట్టు ఇంకా ఆరలే.”

నీలమ్మ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పటికే వేలికి పచ్చరంగు అంటింది. కొంగుకు తుడుచుకుందామంటే పండుగ చీర. గోడకు తుడిచింది, అదీ గిరిజమ్మ గోడకే.

పండుగకు చీరలు కట్టి నిలబెట్టిన మహాలక్ష్మి బొమ్మల ముందు గిరిజమ్మ ఒక ఊరినే పరిచేసింది. బొంబాయిలో ఉండే తమ్ముడు శివకుమార్ తెచ్చిచ్చిన, చాబీ తిప్పితే నడిచే బొమ్మ రైలు మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది. రైలు తిరిగితే తిరిగింది, కొనుక్కొచ్చిన వస్తువును చూసి నీలమ్మ కుళ్లుకోదు. ఆమె కడుపు మండింది చెట్లను చూసి. కంది పుల్లలు కొమ్మలైనాయి, బీరపీచు ఆకులైంది. రంగు కలిపిన రంపపు పొట్టు పచ్చిక అయింది. మట్టిలో ముంచి ఆరబెట్టిన గోనెసంచులు గుట్టలైనాయి. పైగా ఆ చెట్ల కింద నీడ కూడా పడుతోంది!

“ఎట్లుంది అక్కా?” అని గిరిజమ్మ అడిగింది.

“మంచిగనే ఉంది.” ఆ మాట గొంతు దాటేసరికి నీలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. “జర ఆకులు ఎక్కువైనయ్.”

“ఎక్కువైతేంది? పచ్చగుంటెనే కళ.”

పక్కనే ఉన్న నీలమ్మ ఇంట్లోనూ మహాలక్ష్ములున్నారు. వాళ్ల ముందు ఆమె చేత్తో అల్లిన పూసల నెమళ్లున్నాయి. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు ‘అలంకారమంటే నీలమ్మదే’ అని చెప్పుకుంటూ వెళ్లడం ఆ గల్లీలో మామూలు. ఈ పొద్దు మాత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టే బొట్టు పెట్టించుకుని, నెమళ్ల వైపు చూడకుండానే, “గిరిజమ్మ ఇంట్ల చెట్లు చూసినవా? అచ్చం నిజం చెట్లే!” అని నీలమ్మనే అడిగి పోతున్నారు. అది చాలదన్నట్టు, సాయంత్రం జహీరాబాద్ స్టేషన్ మాస్టర్ గారి భార్య ఇందిరమ్మ వస్తోంది. ఆమె నోట ఒక మాట వచ్చిందంటే ఊరంతా అదే మాట. ఆ మాట గిరిజమ్మకు దక్కితే నీలమ్మ నెమళ్లు ఇక అటకెక్కాల్సిందే.

ఇంటికి వెళ్లిన నీలమ్మకు అన్నం సయించలేదు. నీళ్ల కాగు బోర్లించి, అడుగున పట్టిన మసినంతా గీకింది. పాత గుడ్డలో వేసి మెత్తగా జల్లించింది. ఖాళీ పౌడరు డబ్బాలో నింపి, కొంగు చాటున పెట్టుకుని మళ్లీ గిరిజమ్మ గడప తొక్కింది.

“పెనం మీద పోలెలు మాడుతున్నట్టుంది గిరిజా, వాసనొస్తుంది. నువ్వు పోయి చూస్కో, ఇక్కడ నేను కూసుంట.”

“నా మీద నీకెంత ఫికరక్కా!” అంటూ గిరిజమ్మ వంటింట్లోకి పరుగెత్తింది.

నీలమ్మ మహాలక్ష్ముల ముఖాలు చూడకుండా డబ్బా మూత తిప్పింది. పసిపిల్లకు పౌడరు అద్దినంత ఓపికగా, రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్న ఒక్క చెట్టునూ వదలకుండా చల్లింది. ఆరని రంగు మసిని పట్టుకుంది. పచ్చటి ఆకులు నల్లబడ్డాయి, పచ్చిక మీద దుమ్ము కమ్మినట్టయింది. పొద్దుటి నుంచి మండుతున్న కడుపు అప్పటికి చల్లబడింది.

“గిరిజమ్మా, ఉన్నవా?” వాకిట్లో ఇందిరమ్మ గొంతు వినిపించింది. ఆమె వెనక గల్లీలోని ఆడవాళ్లంతా ఉన్నారు.

నీలమ్మ డబ్బాను కొంగు కిందికి తోసేసింది. పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చిన గిరిజమ్మ చెట్లను చూసి కొయ్యబారిపోయింది. తర్వాత నీలమ్మ వైపు చూసింది. నీలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

“అయ్యయ్యో, గిదేంది గిరిజా? పొయ్యి మసి గిట్ల ఎగిరి పడ్డదా? పాపం, ఎంత కష్టపడ్డవో!”

ఇందిరమ్మ రైలు ముందు కూర్చుని ఒక్కో చెట్టునూ వంగి వంగి చూసింది. ఎంతసేపు చూస్తే అంత మంచిదనుకుంది నీలమ్మ.

“గిరిజమ్మా, గీ సంగతి నీకు ఎవలు చెప్పిన్రు?” అని చివరికి ఇందిరమ్మ అడిగింది.

“ఏ సంగతమ్మా?” అంది గిరిజమ్మ.

“లైను పక్క చెట్లు గిట్లనే ఉంటయని! కోహీర్ స్టేషన్ దాక పోయి చూడు, ఇంజను పొగకు ఒక్క ఆకు పచ్చగుండదు. మా క్వార్టర్ ముందర వేపచెట్టుదీ గిదే రంగు. దాని కింద బట్టలారేసి నేను రోజూ మొత్తుకుంట. బొమ్మ రైలు ఎవలైనా పెడ్తరు. మసి పట్టిన చెట్లు పెట్టినదాన్ని నిన్నొక్కదాన్నే చూసిన!”

ఆడవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి చూడసాగారు. ఫిర్యాదు చెయ్యడానికి తెరిచిన గిరిజమ్మ నోరు మూతపడింది. మళ్లీ తెరుచుకునేసరికి దాని నిండా నవ్వే.

“రైలంటే పొగ, పొగంటే మసి. గంత తెల్వదా ఇందిరమ్మగారూ?”

నీలమ్మ పళ్లు కొరుక్కుంది. నోరు తెరిస్తే తన పరువే పోతుందని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

“మరి ఇంత ఒక్కతీరుగ ఎట్ల పడ్డది? చేత్తోని చల్లితే కుప్పలు కుప్పలు పడాలె గద?” అంది ఇందిరమ్మ.

“ఉత్తగనే పడ్తదా అమ్మా? గుడ్డల వేసి మెత్తగ జల్లించి, ఒక్కొక్క చెట్టు మీద చల్లి, నా రెక్కలు పడిపోయినయనుకో.”

ఇందిరమ్మ కుంకుమ తీసి గిరిజమ్మ నొసట నిండుగా దిద్దింది. “ఈ గల్లీల గింత పనితనం నీ ఒక్కదానికే ఉన్నది తల్లీ!”

నీలమ్మ కొంగు కింద నుంచి పౌడరు డబ్బా తీసి అందరి మధ్యా ఠంగుమని నేలకేసి కొట్టింది.

“అబద్ధం! జల్లించింది నేను, చల్లింది నేను!”