చెవులు ముందుకే ఉన్నాయి

తన్నడం గుర్రం మొదటి మాట కాదు, చివరి మాట. ముందు చెవులు వెనక్కి వాల్చి చెబుతుంది. వినకపోతే తోక విసిరి చెబుతుంది. అదీ వినకపోతే చర్మం జలదరించి చెబుతుంది. ఆ మూడూ ఎవరికీ పట్టకపోతేనే కాలు లేపుతుంది.

పశువుల డాక్టరు ఆడగుర్రం వీపును వేళ్ళతో నొక్కి చూస్తూ ఇలా ఆలోచించుకుంటున్నాడు. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరేమన్నా 'సరే' అనడమే తప్ప, తను ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెవులు వాల్చిన పాపాన పోలేదు. ఆ సంగతి ఈ గుర్రానికి తెలిసిపోతుందేమోనని ఆయనకి ఎందుకో సిగ్గేసింది.

"ఏమైనా దొరికిందా డాక్టరుగారూ?" కంచె మీద మోచేతులు ఆనించి అడిగాడు గుర్రపుశాల యజమాని.

"వీపులో నొప్పి లేదు. పళ్ళు బాగున్నాయి. జీను ఎక్కడా ఒరుసుకోవడం లేదు. గిట్టలూ శుభ్రంగానే ఉన్నాయి."

"మరి పొద్దున రౌతుని మూటలా విసిరేసిందేం?"

డాక్టరుకీ అదే అంతుపట్టలేదు. ఆ సమయంలో ఆయన అక్కడే ఉన్నాడు. గుర్రాన్ని కొనడానికి వచ్చిన కాంట్రాక్టరు ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు. పనివాడు తొట్టిలో నీళ్ళు పోస్తున్నాడు. యజమాని చెల్లెలు గడ్డి దుమ్ముకి మోచెయ్యి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. రేకుల మీంచి పావురాలు లేచాయి. ఇందులో బెదరాల్సిందేముంది? గుర్రం మాత్రం వీపు విల్లులా వంచి గాల్లోకి లేచింది. కాంట్రాక్టరు తెచ్చుకున్న రౌతు ఇసుకలో కూలబడి, ఒళ్ళు దులుపుకుంటూ లేచాడు.

"ఎగిరినప్పుడు దాని చెవులు ముందుకే ఉన్నాయండీ. కోపంతోనో నొప్పితోనో ఎగిరే గుర్రానికి అలా ఉండవు" అన్నాడు డాక్టరు.

"చెవులదేముందండీ, నడుం విరిగేది మనది. పోయినవారం నన్నూ పడేసింది. మా చెల్లెలు చూడండి, దాన్ని కొట్టడం మానేసి కారెట్ పెడుతుంది."

"బెదిరిపోయింది అన్నయ్యా. సముదాయించొద్దూ?" గుర్రం మెడ నిమురుతూ అంది చెల్లెలు.

కాంట్రాక్టరు నవ్వాడు. ఆయనవి పార్కుల్లో తిరిగే షికారు గుర్రబ్బండ్లు. "నా దగ్గర ముళ్ళ కళ్ళెం ఉందమ్మా. వారం తిరిగేసరికి దీని పొగరంతా దించేస్తాను."

ఆ కళ్ళెం సంగతి డాక్టరుకి తెలుసు. దాని కింద తెగిన మరో గుర్రం నాలుకకి కుట్లు వేసింది తనే. ఆ రోజు ఏదో అనాలనుకున్నాడు. చేతులు కడుక్కుని వచ్చేశాడు.

"ఇది మూడో బేరం" అన్నాడు యజమాని చెల్లెలితో. "ఇదీ చెడితే ఇక నా వల్ల కాదు. నువ్వే మేపుకో, నువ్వే ఏలుకో."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతానే తల్లీ, నిలబడతాను." విసుగ్గా కంచె మీద చరిచాడు. దుమ్ము లేచింది. ఆమె మళ్ళీ రెండుసార్లు దగ్గింది. డాక్టరు అరచేతి కింద గుర్రం వీపు బిగిసి, మెల్లగా సడలింది. ఆయన తలెత్తి ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

"ఆ దగ్గేమిటే, రేకులెగిరిపోయేలా! లోపలికెళ్ళి వేడినీళ్ళు తాగు. బేరం తేలేదాకా గడప దాటకు."

"ఎందుకు దాటకూడదు? సీసాతో పాలు పట్టి పెంచింది నేను."

"అందుకే నీ పొగరంతా దానికొచ్చింది."

"రాలేదన్నయ్యా. నేర్చుకుంది."

యజమాని ఆమెని చెయ్యి పట్టుకుని లోపలికి పంపి తలుపు వేశాడు. కిటికీ అద్దం వెనక ఆమె ముఖం కనిపించింది.

ఈసారి కాంట్రాక్టరే ఎక్కాడు. గుర్రం ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టూ తిరిగింది. పాలిచ్చే ఆవుకన్నా నెమ్మదిగా నడిచింది.

"చూశారా, ఎక్కేవాణ్ణి బట్టి ఉంటుంది" అంటూ కాంట్రాక్టరు మడమలతో దాని డొక్కలో గట్టిగా పొడిచాడు.

గుర్రం చెవులు వెనక్కి వాలాయి. తోక విసిరింది. చర్మం మెడ దాకా జలదరించింది. చెప్పాల్సిన మూడూ చెప్పింది. కాలు మాత్రం లేపలేదు. కాంట్రాక్టరు మళ్ళీ పొడిచాడు.

డాక్టరు కిటికీ వైపు చూశాడు. అద్దం వెనక ఆమె భుజాలు అదురుతున్నాయి. చప్పుడు ఇంతదూరం రావడం లేదు.

"ఏడుస్తోంది. ఏడవనీండి, రెండ్రోజులకి అదే మరిచిపోతుంది" అన్నాడు యజమాని.

డాక్టరు మళ్ళీ చూశాడు. ఆమె మోచెయ్యి నోటికి అడ్డంగా ఉంది.

"రేపే బండి పంపిస్తాను" గుర్రం మీంచే కేకేశాడు కాంట్రాక్టరు. "ఏ రోగమూ లేదని డాక్టరుగారి నోటి మాట ఒకటి ఇప్పించండి, చాలు."

"దానికేం! మీరు సరే అనండి డాక్టరుగారూ, ఖాయం చేసేస్తాను."

అలవాటైన 'సరే' గొంతు దాకా వచ్చింది. డాక్టరు దాన్ని మింగేసి, నెమ్మదిగా కంచె దగ్గరికి నడిచాడు. గుర్రం సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చింది.

"అనండి మరి" అన్నాడు యజమాని.

డాక్టరు మోచెయ్యి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గాడు.