చిప్‌లో మేస్త్రీ

"ఇంట్లో తలుపేసుకుని ఏటి చేస్తాడో ఎవడు సూశాడు? లేచినా జీతమే, పడుకున్నా జీతమే. ఇలాంటోడికా మన పిల్లనిచ్చేది?" అన్నాడు పెదబాబు.

భార్య తాయారమ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది. జవాబు చెబితే ఇంకో గంట వినాలి.

కూర్చుని చేసేదాన్ని పని అనడానికి పెదబాబుకి మనసొప్పదు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు ఆయన. కూలీలు చెమటోడ్చాలి, మేస్త్రీ అరవాలి, తాను లారీ చాటున నిలబడి ఎవడు బీడీ కాలుస్తున్నాడో కనిపెట్టాలి. ఆయన దృష్టిలో పనంటే అదీ. అలాంటి మనిషి కూతురు చిన్నికి పక్క ఊరు ప్రోతరాపూర్‌లోని చక్రితో సంబంధం కుదిరింది. కుర్రాడిది చెన్నై కంపెనీలో ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తాడు.

చిన్ని కూడా కంప్యూటర్లే చదివింది. మెయిన్‌లాండ్ నుంచి అలా ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే వస్తే పెదబాబు ఒక్క మాటతో కొట్టిపారేశాడు. ఆడపిల్ల సంపాదన తినే గతి తనకి పట్టలేదన్నాడు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ని ఎవరికో ఇచ్చేశాడు కూడా.

తాంబూలాలకి ముందు ఆయన కంప్యూటర్ షాపు సుభాష్ దగ్గరికి వెళ్ళి తన అనుమానం చెప్పాడు.

"మౌస్ కదిలిందా లేదా చూసే యాప్‌లు బేకార్, బాబాయ్," అన్నాడు సుభాష్. "మౌస్‌ని టేబుల్ ఫ్యాన్‌కి కట్టేసి పడుకునేవాళ్ళున్నారు. చిప్ లోపలే మీటర్లుంటాయి. ఎన్ని ఆదేశాలు పూర్తి చేసింది, మెమరీ నుంచి సరుకు రాక ఎంతసేపు ఊరికే నిలబడింది, ముందే ఏదో ఊహించుకుని ఎన్నిసార్లు బోల్తాపడింది, సబ్ కుచ్ లెక్క. సినిమా చూస్తే ఒక తీరు, ప్రోగ్రాం రాసి నడిపితే ఇంకో తీరు. ఆ లెక్కలన్నీ నీ ఫోన్లోకి వచ్చేలా పెట్టేస్తాను."

పెదబాబు మొహం వెలిగిపోయింది. "అంటే సిమెంటు షిప్ రాకపోతే కూలోడు కాళీగా నిలబడతాడే, అదీ రాస్తాదా? చిప్‌లోనే మేస్త్రీ ఉన్నాడనమాట!"

"పక్కా."

తప్పుడు ఊహలు లెక్కపెట్టే ఆ మీటరు మనుషుల తలకాయల్లో కూడా ఉంటే పెదబాబుకి ఎంతో మేలు జరిగేది. ఏం చేస్తాం, దాన్ని చిప్‌లకే పెట్టారు.

తాంబూలాల రోజు పెదబాబు కాబోయే అల్లుడి చేతిలో సుభాష్ సిద్ధం చేసిన కొత్త లాప్‌టాప్ పెట్టాడు. పాతది మూల పడేసి ఇకమీదట దీనిమీదే పని చెయ్యమన్నాడు. చక్రి దణ్ణం పెట్టి తీసుకున్నాడు. ముహూర్తం మాట మాత్రం పెదబాబు నాన్చేశాడు. అసలు సంగతి మగపెళ్ళివారు వెళ్ళాక ఇంట్లో చెప్పాడు.

"చిప్ సరే అంటేనే పెళ్ళి. లేదంటే క్యాన్సిల్."

 చక్రిని తప్ప ఎవరినీ చేసుకోనని చిన్ని ఎప్పుడో నిర్ణయించుకుంది.

"అతను మంచోడు నాన్నా."

"అది నువ్వు సెప్పక్కర్లేదు. మేస్త్రీ సెప్తాడు."

ఆనాటి నుంచి పెదబాబు సైటుకి వెళ్ళడం తగ్గించాడు. మిన్నీ బేలో ఒక ఇంటి స్లాబు ఆయన లేకుండానే పడింది. డాలీగంజ్‌లో ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం ఫోన్లో ఆ లెక్కల గీత ఎక్కుతోందా దిగుతోందా అని చూడటమే ఆయన పని. కూర్చుని చేసేది పని కాదన్న సిద్ధాంతం ఇతరులకి మాత్రమే.

మొదటి వారం గీత అంతంతమాత్రంగా ఉంది. చిన్నిని పిలిచి చూపించాడు.

"సూడు నీ మంచోడి బండారం. మద్దేన్నం కాస్త కదుల్తాడు, అంతే. ఇలాగైతే కష్టం."

చిన్ని గీత వంక పరీక్షగా చూసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి చిత్రంగా గీత లేచింది. తెల్లవారుజామునే మొదలు. భోజనాల వేళ కాస్త ఆగి, మళ్ళీ పరుగు.

"ఎవడూ సూడట్లేదనుకుని కూడా ఇంత కష్టపడతన్నాడు! అదీ మగాడంటే!" అని పెదబాబు తొడ చరిచాడు.

అంతలో తాయారమ్మ జ్వరంతో మంచమెక్కింది. వంటిల్లు చిన్ని మీద పడింది. తల్లికి నయమయ్యేదాకా చిప్ కూడా కన్ను తెరవలేదు. పెదబాబు మొదట కంగారుపడ్డాడు. ఆనక తనే సర్దుకున్నాడు.

"అత్తగారికి ఒంట్లో బాగోలేదని బెంగెట్టుకున్నాడే! పనిమీద మనసు పోలేదు పాపం. కన్నకొడుకైనా ఇంత బాధపడడు."

తాయారమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

ఆయన మంటంతా చిన్ని మీదే. గిన్నెలు సర్దడం, గదిలోకి పోయి గడియ పెట్టుకోవడం. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉంటాయి. అంత నిద్ర.

"సిగ్గుండాలే! అక్కడ వాడు గాడిద చాకిరీ చేస్తుంటే, ఇక్కడ నువ్వు కుంభకర్ణుడి చెల్లెల్లా పడుకుంటావేటి?"

చిన్ని తలొంచుకుని వినేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు.

వానలు మొదలయ్యే నాటికి పెదబాబు సుభాష్‌ని ఇంటికి పిలిచి లెక్కలన్నీ చదివించాడు.

"ఇది టైంపాస్ చిప్ కాదు బాబాయ్," అన్నాడు సుభాష్. "అసలు సిసలు పని. ఇలాంటి పనోళ్ళు దొరకడం ముష్కిల్."

పెదబాబు ఛాతీ పొంగింది. అప్పటికప్పుడు పురోహితుడికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించాడు. ప్రోతరాపూర్‌కి కబురు చేశాడు. చిన్నిని పిలిచి చివరి ఉపదేశం కూడా ఇచ్చాడు.

"పెళ్ళయ్యాకైనా అతన్ని సూసి పనంటే ఏటో నేర్చుకో. ఊఁ, ఇక పోయి పడుకో. నీకొచ్చిందదొక్కటే కదా!"

"అలాగే నాన్నా," అంది చిన్ని.

ఆమె గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, తాంబూలాల నాటి సాయంత్రమే చక్రి రహస్యంగా తెచ్చి తన చేతిలో పెట్టిన ఆ కొత్త లాప్‌టాప్‌ని పరుపు కింద నుంచి తీసి, నాన్న వద్దన్న ఉద్యోగంలో కూర్చుంది.