ఆరేళ్ల ఖాళీ

"ఆరేళ్ల నుంచి ఖాళీనా?"

కాగితం మీంచి తలెత్తి అడిగాడు మేనేజర్.

"అవునండీ," అన్నాడు ఎదురుగా ఉన్నాయన.

యాభైకి దగ్గర పడ్డ మనిషి. చొక్కా పాతదే కానీ ఇస్త్రీ నలగలేదు. ఎవరో లేవమంటారేమో అన్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు.

ఆరేళ్లుగా మూతపడి ఉన్న ఆ ప్రింటింగ్ ప్రెస్‌ను కొత్త యజమాని కొన్నాడు. మనుషుల్ని ఏరే పని ఈ కుర్ర మేనేజర్‌కి అప్పగించాడు. మనిషిని చూడగానే అంచనా వేసేస్తానని ఇతగాడికి మహా నమ్మకం.

"పదిహేనేళ్లు మెషిన్ నడిపారు, సరే. తర్వాత ఆరేళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటే పని గుర్తుంటుందా?"

"ముడుచుకుని కూర్చోలేదండీ. ప్రతి గురువారం..."

అంటూనే ఆయన గుమ్మం వైపు చూశాడు. అక్కడ నిలబడ్డ వాచ్‌మన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గురువారం ఏమిటి?"

"ఏం లేదండీ. ఖాళీగానే ఉన్నాను."

"ఎక్కడా ప్రయత్నించలేదా?"

"మొదట్లో రోజూ తిరిగానండీ. తర్వాత వారానికోసారి. పోను పోను గడ్డం గీసుకోబుద్ధి కూడా అయ్యేది కాదు. ఇంట్లో అన్నం పెడితే మారు అడగడానికి మొహం చెల్లేది కాదు." చొక్కా సర్దుకున్నాడు. "ఇదే ఆఖరుసారి. మీరూ కాదంటే ఇంకెవర్నీ అడగను. ఇల్లు ఖాళీ చేసి మా బావమరిది ఊరెళ్లిపోతాం."

మేనేజర్‌కి చిరాకేసింది. ఉద్యోగానికొచ్చి ఈ ఏడుపేమిటి అనుకున్నాడు.

"మాకు హుషారున్న వాళ్లు కావాలండీ. కబురు చేస్తాంలెండి."

అలాంటి కబుర్లు ఎప్పుడూ రావని ఆయనకు తెలుసు. దణ్ణం పెట్టి లేచాడు. వెళ్తూ వెళ్తూ వాచ్‌మన్ భుజం తట్టాడు.

వారం తిరక్కుండా ముసలి మెకానిక్ దిగాడు. పెద్ద యంత్రం బాగుచేయడానికి నెల పడుతుందన్నాడు. ఆరేళ్లు కదలకుండా ఉంటే రబ్బరు రోలర్లు ఒకవైపు నొక్కుకుపోతాయి, ఇరుసులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి.

ఎందుకైనా మంచిదని చేత్తో చక్రం తిప్పి చూశాడు.

తిరిగింది!

కరెంటు ఇచ్చారు. యంత్రం ఒక్కసారి దగ్గి, సాఫీగా అందుకుంది.

మెకానిక్ టార్చిలైటు పట్టుకుని యంత్రం కిందికి దూరాడు. ఎక్కడా తుప్పన్నది లేదు. నూనె రంధ్రాలన్నీ తుడిచి ఉన్నాయి. వెనక గోడ నిండా సుద్దగీతలు, చక్రం తిప్పిన వారానికొకటి చొప్పున.

"నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను బాబూ, ఇలాంటిది చూళ్లేదు," అన్నాడు బయటికొచ్చి. కళ్లు తడిగా ఉన్నాయి. "కన్నబిడ్డకైనా ఇంత చేయరు. ఎవరా మహానుభావుడు?"

మేనేజర్ వాచ్‌మన్‌ని పిలిపించాడు.

"నన్ను తీసేసినా సరే సార్, చెప్పేస్తాను," అన్నాడు వాచ్‌మన్. "మొన్న మీరు పంపించేసినాయనే. ప్రతి గురువారం వచ్చేవాడు. తాళం తీసింది నేను. బయటివాళ్లని రానిచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోతుందని మీ ముందు నోరు కట్టేసుకున్నాడు."

మేనేజర్ గోడ మీది సుద్దగీతల వైపు తిరిగాడు.

"పైసా జీతం లేకుండా ఆరేళ్లా! ఎందుకు?"

"నేనూ అడిగాను సార్. 'పని చేసిన రోజే ఆకలేస్తుంది తమ్ముడూ, ఆ రోజే నిద్ర పడుతుంది' అనేవాడు."

"వెళ్లు, ఇప్పుడే పిలుచుకురా!"

"మనసాగక నిన్ననే వెళ్లాను సార్. ఇంటికి తాళం. ఫోను కూడా అమ్మేశాడట. బావమరిది ఊరేదో ఆ వీధిలో ఎవరికీ తెలీదు."

మేనేజర్ సిగ్గుతో తల దించుకున్నాడు.

మెకానిక్ రోలర్‌ను నెమ్మదిగా నిమిరాడు.

"ఏళ్ల తరబడి తన చేతుల మీదుగా నడిచిన యంత్రం కదా. మమకారం చంపుకోలేకపోయాడు పాపం."

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"దీన్ని ఒక్క రోజు కూడా నడపలేదండీ ఆయన. వేరే ప్రెస్‌లో ఉన్న పని వదులుకుని ఇక్కడ చేరదామని వచ్చిన రోజే ఈ ప్రెస్‌కి తాళం పడింది."