తోక లేని నెమలి

అక్షరాలు పెద్దతనంలో దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను కనుక కథ కూడా చిన్నదే అయింది.

*

రెండు వేల పన్నెండు, వానాకాలం.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని అంజలి నెమలి బొమ్మ గీస్తోంది.

పిల్లల పాటల పుస్తకానికి లోపలి బొమ్మలన్నీ ఆమే వేసింది. అట్ట బొమ్మ ఒక్కటే మిగిలింది.

కామారెడ్డిలో ప్రెస్సు నడిపే ఫరీద్ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అంజలమ్మా, నీ నెమలి మంచిగుంది. గని తోకేది? ఇయ్యాల తోకతోని తెస్తే అట్ట మీద నీ బొమ్మనే. లేకుంటే హైదరాబాద్ ఆయన చిలుక ఉంది, అది ఏసేస్త."

అట్ట మీద బొమ్మ, దాని కింద తన పేరు. అంజలి ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నది దానికోసమే.

తోక గీయక కాదు. గీసిన ప్రతి తోకా ఎక్కడినుంచో తెచ్చి అతికించినట్టే ఉంది.

ఆమె చెయ్యి పాటతోనే కదులుతుంది. చిన్నప్పుడు తల్లి లింగవ్వ ఒళ్లో పడుకోబెట్టుకుని పాడుతుంటే, అంజలి ఆమె ముంజేతి మీది పచ్చబొట్టు నెమలిని వేలితో దిద్దేది. తర్వాత బొగ్గుతో, ఆ తర్వాత పెన్సిలుతో. పాట ముక్కు దగ్గర మొదలై, మెడ దిగి, వీపు మీదికి వచ్చి ఆగిపోయేది. గీత కూడా అక్కడే ఆగేది.

ఆ పచ్చబొట్టుకూ తోక లేదు.

అంజలి సన్నగా పాడుకుంది.

"నెమలమ్మ నెమలమ్మ యాడికే పోతివి...
వాన రాలేదని అలిగి పోతివా..."

పక్క సీట్లోని ముసలవ్వ కాగితంలోకి తొంగిచూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

"గిదెవరు గీసిన్రు బిడ్డా?"

"నేనే."

"తోకేది? పిల్లి ఎత్తుకపోయిందా?"

వెనక సీటువాళ్లు కిసుక్కున నవ్వారు. అంజలి ముఖం ముడుచుకుంది.

"నా నెమలి గిట్లనే ఉంటది అవ్వా."

అవ్వ ఊరుకోలేదు. వణికే గొంతుతో పాట అందుకుంది.

"మబ్బు దిగొచ్చింది, మళ్లి సూడవే..."

అంజలి పెన్సిలు ఆగింది. తల్లి ఏనాడూ ఆ మాట పాడలేదు.

"పాట గట్ల లేదవ్వా. అది మా అమ్మ పాట. చెడగొట్టకు."

"మీ అమ్మదా?" అవ్వ బోసినోటితో నవ్వింది. "మంచిది. ఆ పెన్సిలు జర గిట్ల ఇయ్యి."

ముడతలు పడ్డ చెయ్యి చాచింది.

"వద్దవ్వా, ఇది పుస్తకంల అచ్చయ్యే బొమ్మ. ఖరాబైతది."

"ఏం కాదు. కాగితానికి నొస్తదా ఏంది?"

చెయ్యి అలాగే చాచి, అవ్వ మళ్లీ పాట ఎత్తుకుంది.

అంజలి కాగితం మడిచి, లేచి, ముందు ఖాళీగా ఉన్న సీట్లోకి వెళ్లిపోయింది.

"మళ్లా సగంలనే లేసి పాయె!" వెనక నుంచి అవ్వ నవ్వు వినిపించింది.

మళ్లా ఏమిటి? అంజలి ఆమెను చూడటమే అది మొదటిసారి.

తాడ్వాయిలో కండక్టర్ యాకూబు అవ్వను చెయ్యి పట్టి దింపాడు. ఆమె కిటికీ కిందికి వచ్చి నిలబడింది.

"బిడ్డా, పాట ఇంకున్నది. నా ఇల్లు గీడనే. ఎప్పుడన్న రా."

"సరే అవ్వా," అంది అంజలి, ఆమె వైపు చూడకుండానే. బస్సు కదిలింది.

కామారెడ్డిలో ఫరీద్ బొమ్మను దీపం కిందికి జరిపి చూశాడు.

"అట్లనే తెచ్చినవా?"

"నాకు గంతే వస్తది భాయ్."

"నీ ఇష్టం అంజలమ్మా."

దసరా దాటాక పుస్తకం వచ్చింది. అట్ట మీద చిలుక. దాని కింద వేరే పేరు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అంజలి ఇంటికి బస్సెక్కింది. యాకూబు టికెట్ చించుతూ పుస్తకం వైపు చూశాడు.

"నీదేనా అక్కా? తాడ్వాయి సాలవ్వ ఉంటే సంబురపడేది. బస్సెక్కినప్పుడల్లా నన్ను అడిగేది, నెమలి పిల్ల ఎక్కిందా, నెమలి పిల్ల ఎక్కిందా అని."

"ఇప్పుడు ఎక్కుతలేదా?"

"ఏడికెల్లి ఎక్కుతది? పండుగకు ముందే పోయింది, పాపం."

ఇంట్లో లింగవ్వ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గీ చిలుకేంది? మన నెమలేది?"

"తోక లేదని పెట్టలేదమ్మా."

లింగవ్వ కొంగుతో ముంజేతిని కప్పుకుంది.

"అమ్మా, బస్సుల ఒక అవ్వ అన్నది, పాట ఇంకున్నదని. నువ్వు పాడేదే గద మొత్తం పాట?"

"నేను ఇన్నదే అంత బిడ్డా." లింగవ్వ సిగ్గుగా నవ్వింది. "జాతరల పచ్చబొట్టు పొడిచేటప్పుడు నొప్పి తెల్వకుంట పాడుతరు. పాట అయితే బొమ్మ అయితది. గప్పుడు నేను చిన్నపిల్లను. తోక కాడికి వచ్చేసరికి ఓర్సుకోలేక, సగంలనే లేసి ఉరికిన. జాతరంత ఉరికిన. ఆమె సూది పట్టుకొని నా ఎన్కనే వచ్చింది, తోక మిగిలింది బిడ్డా, పాట మిగిలింది అనుకుంట."

"ఆమె పేరేంది?"

"ఊరు తెల్వదు. అందరు సాలవ్వ అంటుండిరి."

అంజలి తల్లి చేతి మీది కొంగు మెల్లగా తొలగించింది. చిన్నప్పటి నుంచి తాను దిద్దుకుంటూ వచ్చిన ఆ నెమలి, బస్సులో పెన్సిలు కోసం చాచిన చెయ్యి పొడిచిందే.

*

మంగవ్వ,
అరవై నాలుగేళ్లు.
ఇప్పుడు బీర్కూర్‌లో ఉంటున్నాను.