కాకి తన్నిన తల

"నా ఎల్మెట్ ఎవులు తీసినారు?"

గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న యమున తలెత్తి మొగుడి వైపు చూసింది. హెల్మెట్ ఆమె తల మీదే ఉంది.

"ఎల్మెట్ ఎట్టుకుని పరిగెడతావేటి? అరసవల్లంతా నవ్వుతాది," అన్నాడు తిరుమలరావు. "పైగా కొత్తది. సెమట కంపు పట్టీస్తాది."

"నిన్న కాకి నెత్తి మీద తన్నీసింది కదండీ. ఉత్త తలతో ఎలా ఎల్తాను?"

అత్తగారి చెవిన పడకూడదని నిన్నటి నుంచీ దాచిన మాట అలా జారిపోయింది.

రోడ్డు మలుపులో నిద్రగన్నేరు మీద కాకి గూడు పెట్టింది. గుడ్లు పిల్లలైనట్టున్నాయి, కింద ఎవరు పరుగెత్తినా ఊరుకోవడం లేదు. ఆ దారి వదిలితే మిగిలింది లారీలు తిరిగే రోడ్డే. సుగరు ముదిరిందనీ, బతకాలనుంటే రోజూ పరుగెత్తమనీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి యమున ఒక్క పొద్దు కూడా మానలేదు. ఆమెకు బతకాలనే ఉంది.

ఆ మాట విని అత్తగారు దేముడమ్మ చేతిలో వత్తులతోనే పూజ గదిలోంచి వచ్చింది. వెంటనే తలస్నానం చేశానని కోడలు చెప్పినా ఒప్పుకోలేదు. కాకి తల మీద తన్నిన మనిషికి ఆయుష్షు తీరినట్టే అంది. దానికి ఒకటే విరుగుడు. ఆ మనిషి పోయిందని పుట్టింటికి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. నిజం తరవాత చెప్పుకోవచ్చు.

యమునకు పుట్టింట మిగిలింది తమ్ముడు మోహనకృష్ణ ఒక్కడే. కోటబొమ్మాళిలో మొక్కజొన్న వ్యాపారం చేస్తాడు.

"వద్దత్తా. ఆడి గుండాగిపోతాది," అంది యమున. "ఎత్తుకుని పెంచినదాన్ని."

"అందుకే ఆడే ఏడవాల. ఆడొక్క నిమసం ఏడిస్తే నీకు నూరేళ్ళు."

ఆఫీసుకు ఆలస్యమవుతోందని తిరుమలరావు ఫోన్ తీశాడు. యమున స్పీకర్ పెట్టించింది. ఏడుపు మొదలవగానే ఫోన్ లాక్కుని, నేనున్నాన్రా అని చెప్పడానికి పక్కనే నిలబడింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది.

"మోహనా, మీ అక్క పోనాదిరా."

అవతల గింజలొలిచే మిషను గోల. "ఏటి బావా?"

"మీ అక్కరా. తెల్లారగట్ల. గుండెపోటు."

మిషను ఆగింది. యమున ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"అయ్యో," అన్నాడు మోహనకృష్ణ. "మద్దేన్నం దాకా ఉంచుతారా బావా? లారీ లోడవుతన్నాది. అదెలిపోతే వచ్చీస్తాను."

ఉంచుతామన్నాడు తిరుమలరావు. లైను కట్టయ్యే లోపు మిషను మళ్ళీ మొదలవడం ముగ్గురికీ వినిపించింది.

దేముడమ్మ కోడలి ముఖం చూసింది. "ఏడిసినాడా? నాకినబళ్ళేదు."

"లోపల ఏడుస్తంటాడత్తా," అంది యమున.

ఇంతలో మోహనకృష్ణ పెళ్ళాం రేఖ నుంచి మెసేజ్ వచ్చింది. వరసగా ఏడుపు బొమ్మలు, చివర ఒక దండం. దేముడమ్మ ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మలేడిస్తే సెల్లదు. కన్నీల్లు పడాల."

తిరుమలరావు మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పాడు. ఈసారి మోహనకృష్ణ గొంతు పెరిగింది.

"ముందే సెప్పొద్దేటి బావా. రెండో లారీని రావద్దనీసినాను. ఇప్పుడు మల్లీ ఎక్కడ దొరుకుతాది?"

అక్కకు ఫోన్ ఇమ్మని అడగలేదు.

ఆ పొద్దు యమున పరుగుకు వెళ్ళలేదు. అన్నం వార్చి, కూర దింపి, ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకుంది. గ్యాసు, పాలు, టైలరు, కరెంటు. మళ్ళీ కిందినుంచి పైకి చూసి పక్కన పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర దేముడమ్మ అదే మాట ఎత్తింది. గండం అలాగే ఉంది, ఇంకెవరికైనా చెప్పాలి. పిల్లలుంటే వాళ్ళకి చెప్పేవాళ్ళమని కూడా గొణిగింది.

"ఇంకెవులున్నారే అమ్మా," అన్నాడు తిరుమలరావు ముద్ద కలుపుతూ. "పోనీ నానే ఏడిసీనా?" తన మాటకు తనే నవ్వాడు. నవ్వాక తేల్చేశాడు. "ఇవన్నీ ఎందుకు, ఆ పరుగు మానీ. గొడవొదిలిపోతాది."

యమున అతని కంచంలో చారు పోసింది. చుక్క చిందకుండా, నిండుగా పోసింది.

"మాననండి. రేపూ అదే దారిన ఎల్తాను," అంది. "ఎల్మెట్ మాత్రం మీరే ఉంచీసుకోండి."