కుడికి తిరిగిన శంఖం

పొద్దున్నించీ ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పెరంబూరు మీద పిండని తడిగుడ్డలా మబ్బు వేలాడుతోంది. మోహన్‌రాజ్ తన స్టూడియో షట్టర్ సగం ఎత్తాడో లేదో, ఒక పెద్దాయన వంగి లోపలికి దూరాడు. నేరుగా పోయి, వీధిలోకి కనబడే అద్దాల బీరువా ముందు నిలబడ్డాడు.

"ఈ శంఖం ఎవురిది నైనా?" గొంతు బాగా బొంగురుపోయి ఉంది.

అద్దం వెనక మూడు ఫొటోలున్నాయి. సుడి తిరిగింది ఏది కనబడినా మోహన్‌రాజ్ చేతిలో కెమెరా ఊరుకోదు. ఒకటి సౌకార్‌పేటలో పాత ఇంటి వెనక మెలికలు తిరిగిన ఇనుప మెట్లు. ఇంకొకటి ఏలగిరి కొండ మీంచి రాత్రంతా కెమెరా తెరిచిపెట్టి పట్టిన చుక్కల సుడి. మధ్యలోది శంఖం.

"నాదే. ఏం పెద్దాయనా?"

"వలంపురి గదా?"

శంఖాలన్నీ ఎడమకు తిరిగితే, ఎక్కడో ఒక్కటి కుడికి తిరుగుతుంది. అదే వలంపురి. దాని పేరు వింటేనే చేతులు జోడిస్తారు జనం. మోహన్‌రాజ్ బదులు చెప్పేలోపే పెద్దాయన మళ్లీ అందుకున్నాడు.

"నా పేరు వరదరాజులు. రైలుపెట్టెల ఫ్యాక్టరీలో లేతు మీద పని చేసినా. మా ఇంటిదానికి ఈ శంఖం కావాల. ఒక్క పూటకి ఇయ్యి చాలు. కేన్సరుకి పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టినారు. ఇంక లాభం లేదు, ఇంటికి తోడుకొని పొండి అనేసినారు. వలంపురిలో నీళ్లు పోసి తాగితే తగ్గిపోతాదని ఎవురో చెప్పినారంట. అప్పట్నించీ మునెమ్మకి అదే ద్యాస. ముద్ద ముట్టడం లేదు. నిన్న ఆటోలో పోతా నీ బొమ్మ చూసినా. దొరికిందిలే, రేపు తెస్తా అని చెప్పేసినా."

మోహన్‌రాజ్ లోపలికి పోయి శంఖం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. నిజం చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెప్పే పని లేకపోయింది. ఇనుముకు మరలు కోసి కోసి మొద్దుబారిన వేలు శంఖం మొనమీంచి గాడి వెంబడి ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది.

"ఇది ఎడమది గదప్పా."

"బొమ్మలో ఉండేదీ ఇదే పెద్దాయనా. మెరీనాలో గవ్వలమ్మే వాళ్ల దగ్గర కొన్నా. మెట్లేమో కుడికి తిరిగినాయి, శంఖమేమో ఎడమకి. పక్కపక్కన పెడితే రెండూ పోట్లాడుకుంటున్నట్టు ఉన్నాయి. అందుకని నెగటివ్ తిరగేసి ప్రింటు వేసినా."

"అంటే, చూసేదానికి చక్కంగా ఉండాలని."

"అవును."

"దేవుడు ఎడమకి తిప్పినాడు, నువ్వు కుడికి తిప్పినావు. ఆయన కంటే నువ్వే మేలు." ఆయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి జారింది. పాస్‌పోర్టు ఫొటోలకు కూర్చోబెట్టే స్టూలు మీద కూలబడి, ఒళ్లో శంఖం పెట్టుకొని, వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు. ముఖంలో ఏదో ఆరిపోయింది. మోహన్‌రాజ్ ఉత్తి కెమెరానే తుడుస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి వరదరాజులే లేచాడు.

"రా, పోదాం. ఆమెకి కుడీ ఎడమా తెలవదు. నేను చెప్తే నమ్మదు. నువ్వొచ్చి చెప్పు."

"నన్ను అబద్ధం చెప్పమంటారా?"

"నీ బొమ్మ నిన్నంతా చెప్తానే ఉండె గదా. దానికి లేని సిగ్గు నీకెందుకు?"

మోహన్‌రాజ్ షట్టర్ దించేశాడు.

ఫ్యాక్టరీ క్వార్టర్స్ దాకా ఇద్దరూ నడిచే పోయారు. వరదరాజులు దారిలో రెండు చోట్ల గోడ పట్టుకొని నిలబడ్డాడు. గుమ్మం పట్టుకొని ఎదురుచూస్తూ ఉంది మునెమ్మ. చీరలో మనిషి ఉందో లేదో అన్నట్టుంది. మోహన్‌రాజ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

ఆమె రెండు చేతులా శంఖం అందుకొని కళ్లకద్దుకుంది.

"బొమ్మలో ఉండేది ఇదేనా తమ్ముడూ?"

"ఇదేనక్కా."

"వలంపురే గదా? నాకేం తెలవదు. నువ్వు చెప్తే నమ్ముతా."

వరదరాజులు పక్కకు తిరిగి చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"వలంపురేనక్కా," అన్నాడు మోహన్‌రాజ్.

"చూస్తివా, దొరుకుతాదని నేను చెప్పలే?" అంది మొగుడితో. గబగబా లోపలికి పోయింది. శంఖం కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నీళ్లు నింపి, ఒక గిన్నెలో ఒరగకుండా నిలబెట్టింది. కంచాలు వేసింది. మోహన్‌రాజ్ లేవబోతే, "కూచో. నా ఇంట్లో వెలుగు పెట్టి ఉత్త కడుపుతో పోతావా?" అని కసిరింది.

అన్నం, ములక్కాడ సాంబారు, కాల్చిన అప్పళం. ముగ్గురూ కూర్చున్నారు. మునెమ్మ మొదటి ముద్ద మెల్లిగా తింది. ఆ తర్వాత ఆకలిగొన్న మనిషిలా తింది. మారు వడ్డించుకుంది. వరదరాజులు మెతుకులు పిసుకుతూ ఆమెనే చూస్తున్నాడు. అప్పళం విరిగిన చప్పుడొక్కటే వినబడుతోంది.

మునెమ్మ చెయ్యి కడుక్కొచ్చి శంఖం తీసుకుంది. ఆమె ఆశగా తాగడం చూడలేక మోహన్‌రాజ్ తల వంచుకున్నాడు. ఎంతకీ గుటక వినబడకపోతే కళ్లెత్తాడు. మునెమ్మ మొగుడి మెడకు చుట్టిన తుండుగుడ్డను ఒక చేత్తో విప్పి పక్కన పెట్టింది. ఆయన గొంతు మీద, కరెంటు పెట్టడానికి ఆసుపత్రిలో గీసిన ఊదా గీతలు ఇంకా చెరిగిపోలేదు. శంఖం దగ్గరికి రాగానే వరదరాజులు చెప్పిన మాట వినే పిల్లవాడిలా నోరు తెరిచాడు.